షీటు కత్తిరించకండి: నెల్లూరు జిల్లా మందుల దుకాణదారులకు బహిరంగ లేఖ

నెల్లూరు జిల్లాలోని మందుల దుకాణాల యజమానులకు, ఫార్మసిస్టులకు, కౌంటరు దగ్గర నిలబడి రోజంతా మందులందించే యువతీ యువకులకు నమస్కారం. ఈ లేఖ ప్రతులను జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి, ఔషధ నియంత్రణ శాఖ వారికి కూడా పంపుతున్నాను. అయినా దీన్ని ముందుగా మీకే రాస్తున్నాను, ఎందుకంటే జ్వరం వచ్చిన మనిషి మన జిల్లాలో ముందు ఎక్కే గడప ఆసుపత్రిది కాదు, మీ దుకాణానిదే.

గత సంక్రాంతి వెళ్లిన రెండు వారాలకు కావలిలోని మా ఇంట్లో జ్వరాలు మొదలయ్యాయి. నా భార్యకు 66 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగరు ఉంది. ఒక ఆదివారం సాయంత్రానికి ఆమెకు 102 డిగ్రీల జ్వరం, ఒళ్లునొప్పులు, ఆగని పొడిదగ్గు పట్టుకున్నాయి. ఆదివారం డాక్టరు దొరకడని, దొరికినా పరీక్షలంటూ తిప్పుతాడని నాకు నేనే సర్దిచెప్పుకుని, చీటీ లేకుండా ఒక మందుల షాపుకు వెళ్లి ఫ్లూ మందు ఒసెల్టామివిర్ కావాలని అడిగాను. ముప్ఫై ఏళ్లు జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. మందును పేరు పెట్టి అడగగలగడమే ఆ రోజు నా చదువు నాకు చేసిన అపకారం. కౌంటరు దగ్గరి అబ్బాయి పది క్యాప్సూళ్ల షీటు తీసి, కత్తెరతో నాలుగు కోసి, వాటికి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు మూడు జతచేసి, "రోజుకొకటి వేయండి సార్, రెండ్రోజులకే తగ్గిపోద్ది, కావాలంటే మళ్లీ వచ్చి తీసకపోండి" అన్నాడు. నేను బిల్లు అడగలేదు, అతను ఇవ్వలేదు. ఆ అబ్బాయిని గానీ ఆ దుకాణాన్ని గానీ ఇక్కడ తప్పుపట్టబోవడం లేదు, ఎందుకంటే తప్పులో సగం నాది.

నాలుగో రోజుకు ఆమెకు ఆయాసం వచ్చింది. నెల్లూరు పొగతోటలోని ఒక ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడి డాక్టరు గారు ఏ మందు, ఎంత మోతాదు, జ్వరం మొదలైన ఎన్ని గంటలకు వేశారని అడిగారు. జేబులో ఉన్న షీటు ముక్క తీసి చూపించాను. కత్తిరించినప్పుడు పేరులో సగం, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ దుకాణంలోనే ఉండిపోయాయి. నా చేతిలో మిగిలింది వెండి కాగితం మీద "మివిర్" అన్న చివరి అక్షరాలు మాత్రమే. వైరస్ మందుకు లొంగకుండా మారిపోయిందేమో అన్నాను. ఆయన, "అది తేల్చే పరీక్ష ఇక్కడ లేదు మాస్టారూ, అసలు మీరు మందు వేసినట్టా వేయనట్టా అన్నదే ముందు తేలాలి" అన్నారు. ఆరు రోజుల ఆక్సిజన్, సరైన మోతాదులో పూర్తి మందు, దేవుడి దయ కలిసివచ్చి ఆమె ఇంటికి చేరింది. ఆయన మాట మాత్రం నన్ను వదలలేదు. ఈ లేఖ దాని నుంచే పుట్టింది.

ఫ్లూ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది ముక్కలుగా ఉండే ఆర్‌ఎన్‌ఏ. మన కణాలు తమ జన్యువులకు నకళ్లు రాసుకునేటప్పుడు అక్షరదోషాలను సరిచూసుకునే ఏర్పాటు ఉంటుంది. ఫ్లూ వైరస్‌కు అది లేదు, కాబట్టి అది చేసే ప్రతి నకలులోనూ పొరపాట్లు దొర్లుతూనే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం వైరస్‌కే చేటు చేస్తాయి. ఎప్పుడో ఒకటి మాత్రం దానికి కలిసివస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకాలో ఏ రకాలుండాలో ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబరులోనూ, తిరిగి నిర్ణయించవలసి వస్తున్నది ఇందువల్లనే. టీకా విషయంలో ఈ మార్పు అందరికీ తెలిసిందే. మందు విషయంలోనూ ఇదే జరుగుతుందన్న సంగతి మాత్రం మన కౌంటర్ల దాకా రాలేదు.

ఒసెల్టామివిర్ ఏం చేస్తుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియనివారి కోసం చెబుతున్నాను. కణంలో పుట్టిన కొత్త వైరస్‌లు బయటికి వచ్చాక, ఆ కణం ఉపరితలం మీదనే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర లాంటి పదార్థానికి, తుమ్మబంకకు చీమ అతుక్కున్నట్టు అతుక్కుపోతాయి. ఆ బంధాన్ని కోసి విడిపించుకోవడానికి వైరస్ దగ్గర న్యూరామినిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఒసెల్టామివిర్ ఆ ఎంజైములోని గుంటలో దూరి కూర్చుని దాన్ని పనిచేయనివ్వదు. వైరస్ చావదు, ఉన్నచోటు నుంచి పక్క కణానికి పోలేదు, అంతే. మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే ఈ మందుకు ఎక్కువ ఫలితం ఉండడానికి కారణం ఇదే, ఎందుకంటే అప్పటికే ఊరంతా పాకిన వైరస్‌ను కట్టేసి పెద్ద లాభం ఉండదు. అయితే ఆసుపత్రిలో చేరేంత తీవ్రంగా జబ్బుపడ్డవారికి, గర్భిణులకు, వయసు మళ్లినవారికి ఆలస్యమైనా ఇస్తారు.

ఇప్పుడు ఆ ఎంజైములో 275వ స్థానంలో ఉండవలసిన హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం బదులు టైరోసిన్ వచ్చి చేరిందనుకోండి. ఈ మార్పును హెచ్275వై అంటారు. ఇది ఎన్1 రకం న్యూరామినిడేజ్ ఉన్న వైరస్‌లలో, అంటే హెచ్1ఎన్1 ఫ్లూలోనూ, హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూలోనూ కనిపిస్తుంది. ఈ ఒక్క మార్పుతో ఆ గుంట ఆకారం మారి, ఒసెల్టామివిర్ అందులో కుదురుగా కూర్చోలేకపోతుంది. పీల్చే మందు అయిన జనామివిర్ మాత్రం అప్పటికీ పనిచేస్తుంది, కానీ ఆయాసంతో ఉన్నవారికి, ఉబ్బసం ఉన్నవారికి అది అనువైనది కాదు, మన ఊళ్లలో అడగగానే దొరికేదీ కాదు.

ఈ ముప్పు పుస్తకాల్లోనే ఉండిపోయినది కాదు. 2004లో జపాన్‌లో హెచ్3ఎన్2 అనే మరో రకం ఫ్లూ జ్వరంతో ఒసెల్టామివిర్ తీసుకున్న 50 మంది పిల్లలను పరీక్షిస్తే, తొమ్మిది మందిలో మందును తట్టుకునే వైరస్ కనబడింది. 2005లో వియత్నాంలో హెచ్5ఎన్1 సోకిన ఒక బాలికకు, జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే రోజుకొక మోతాదు చొప్పున ఒసెల్టామివిర్ ఇస్తుండగా, ఆమె శరీరంలో ఈ హెచ్275వై మార్పున్న వైరస్ బయటపడింది. ఆమె కోలుకుంది గానీ, అదే దేశంలో అదే ఏడాది పూర్తి మోతాదు తీసుకుంటూ ఈ మార్పు వచ్చిన మరో ఇద్దరు రోగులు చనిపోయారు. 2009లో అమెరికాలోని ఉత్తర కరోలినాలో, ఒక వేసవి శిబిరంలో ముందుజాగ్రత్తగా ఈ మందు తీసుకున్న ఇద్దరు అమ్మాయిల్లోనూ ఇదే మార్పు తేలింది.

వియత్నాం బాలిక సంగతి చదివినప్పుడు నాకు మా ఊరి కౌంటరు దగ్గర వినబడిన "రోజుకొకటి" అన్న మాటే గుర్తొచ్చింది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో కూడా ఊహించగలను. వ్యాధి సోకినవారి దగ్గర మసలి, ఇంకా తమకు జబ్బు రానివారికి పెద్దల్లో 75 మిల్లీగ్రాములు రోజుకొకసారి ఇస్తారు. జబ్బు వచ్చాక అదే 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు ఇవ్వాలి. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినట్టు భోపాల్ ప్రయోగశాల నిర్ధారించింది. అటువంటప్పుడు కోళ్లను ఏరివేసే పనిలోకి దిగే సిబ్బందికి ఈ ముందుజాగ్రత్త మోతాదు ఇవ్వాలని జాతీయ ప్రణాళిక చెబుతోంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి వైద్యుల కనుసన్నల్లో ఇచ్చే ఆ మోతాదును, జ్వరంతో కాలిపోతున్న మనిషికి ఇస్తే, అది వైరస్‌ను ఆపడానికి చాలదు, మందును తట్టుకునే మార్పు ఏదైనా ఉంటే దాన్ని ఏరి పెంచడానికి మాత్రం చాలుతుంది. పిల్లల విషయం ఇంకా సున్నితం. వారి మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి ఉంటుంది. ఏడాది నిండిన పిల్లల్లో 15 కిలోల లోపు వారికి 30 మిల్లీగ్రాములు, 15 నుంచి 23 కిలోల వరకు 45, 24 నుంచి 40 కిలోల వరకు 60, ప్రతిదీ రోజుకు రెండుసార్లు. బిడ్డ బరువు అడగకుండా ఈ మందు చేతికిచ్చేవారెవరైనా, ఊహించి ఇస్తున్నట్టే.

ఇక్కడ మీలో బాగా చదువుకున్నవారు నన్ను ఆపి ఒక ప్రశ్న వేయవచ్చు, వేయాలి కూడా. 2007-08 శీతాకాలంలో నార్వేలో పరీక్షించిన హెచ్1ఎన్1 వైరస్‌లలో దాదాపు మూడింట రెండు వంతులు ఒసెల్టామివిర్‌ను తట్టుకున్నాయి, కానీ ఆ దేశంలో ఆ మందు వాడకం చాలా తక్కువ. ప్రపంచంలోకెల్లా దాన్ని ఎక్కువగా వాడే జపాన్‌లో ఆ ఏడాది తట్టుకునే వైరస్‌లు కొద్దిగానే కనిపించాయి. మరుసటి ఏడాదికి ఆ రకం హెచ్1ఎన్1 ప్రపంచమంతటా దాదాపు పూర్తిగా మందుకు లొంగనిదైపోయింది. అంటే ఆ వ్యాప్తికి కారణం మందు దుర్వినియోగం కాదు. హెచ్275వై మార్పు వచ్చిన వైరస్ మామూలుగా బలహీనపడుతుంది, కానీ ఆ రకంలో అప్పటికే చేరిన ఇతర మార్పులు ఆ బలహీనతను పూడ్చేశాయి, కాబట్టి మందు ఉన్నా లేకపోయినా అది మిగతావాటితో సమానంగా పాకగలిగింది. 2009లో కొత్త హెచ్1ఎన్1 మహమ్మారి వచ్చి పాతదాన్ని తుడిచిపెట్టేసింది, ఆ కొత్తది ఒసెల్టామివిర్‌కు లొంగేది కావడం మన అదృష్టం. ఒక మహమ్మారి వల్ల మందు బతికిపోయిందనడం వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, కానీ జరిగింది అదే.

కాబట్టి కావలిలో నాలుగు క్యాప్సూళ్లు కోసి అమ్మినందువల్ల ప్రపంచంలో మందు చెల్లకుండా పోతుందని నేను చెప్పను, అది అబద్ధమవుతుంది. నిజానికి ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచవ్యాప్తంగా పరీక్షించిన ఫ్లూ వైరస్‌లలో ఒసెల్టామివిర్‌కు సరిగ్గా లొంగనివి ఒక శాతం లోపే ఉన్నాయి. నేను చెప్పదలచింది వేరు. నార్వే సంగతి బయటపడింది అక్కడ నమూనాలు సేకరించి, పరీక్షించి, లెక్క రాసినందువల్ల. అదే మార్పు మన ఉదయగిరిలోనో వింజమూరులోనో మొదలైతే, అక్కడ ఎవరికి ఏ మందు ఎంత ఇచ్చారో రాసినవారెవరూ లేనప్పుడు, మందు వేసినా తగ్గని జ్వరాన్ని చూసి అది వైరస్ మారినందువల్లా, మోతాదు చాలనందువల్లా, అసలు ఫ్లూయే కానందువల్లా అని ఎలా విడదీస్తాం? పొగతోట డాక్టరు గారు నన్ను అడిగినదీ సరిగ్గా ఈ ప్రశ్నే.

ఆ లెక్క రాయడానికి చట్టంలో చోటు ఇప్పటికే ఉంది. ఒకప్పుడు ఒసెల్టామివిర్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే చట్టంలో కఠిన నియంత్రణ ఉన్న మందుల జాబితాలోనిది, కొన్ని దుకాణాల్లోనే దొరికేది. 2017లో దాన్ని షెడ్యూల్ హెచ్1లోకి మార్చి, లైసెన్సున్న అన్ని దుకాణాల్లో అమ్మనిచ్చారు. జ్వరమొచ్చిన మనిషికి వేగంగా అందాలన్నదే ఆ మార్పులోని సదుద్దేశం, దాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. కానీ షెడ్యూల్ హెచ్1 అంటే డాక్టరు చీటీ ఉండాలి, ప్రత్యేక రిజిస్టరులో డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారన్నది అమ్మిన అప్పుడే రాయాలి, ఆ రిజిస్టరును మూడేళ్లు దాచాలి. ఈ నియమం మీకు నేను చెప్పవలసినది కాదు, మీ లైసెన్సుతో పాటు వచ్చినదే. తనిఖీ వస్తుందని తెలిసిన ముందురోజు రాత్రి కూర్చుని నింపే రిజిస్టరు మాత్రం ఎవరికీ పనికిరాదు, నింపినవారికి కూడా.

మన జిల్లాలో ఇటువంటి లెక్క రాయడం చేతకాదని ఎవరూ అనలేరు. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల రైతును అడగండి. చెరువులో నిషేధిత యాంటీబయాటిక్ అవశేషం ఉంటే ఎగుమతి సరుకు విదేశీ రేవు నుంచి తిరిగొస్తుందని తెలుసు కాబట్టి, పట్టుబడికి ముందు నమూనా ల్యాబుకు పోతుంది, మేత నుంచి మందు దాకా ఏం వేశారో అడిగేవారుంటారు. రొయ్యకు ఇచ్చిన మందుకు ఉన్నపాటి లెక్క మా ఇంటావిడకు ఇచ్చిన మందుకు లేకపోయింది. దీన్ని ఎత్తిపొడుపుగా తీసుకోకండి, అడిగేవాడుంటే లెక్క తనంతట తానే కుదురుతుందని మాత్రమే నా భావం.

అడిగేవాడి సంగతి వచ్చింది కాబట్టి జిల్లా అధికారులకు రెండు మాటలు. ఆర్‌టీపీసీఆర్ పరీక్ష ఫ్లూ ఉన్నదీ లేనిదీ, ఏ రకమో చెబుతుంది గానీ, అది మందుకు లొంగుతుందో లేదో చెప్పదు. దానికి వైరస్ జన్యుక్రమాన్ని చదవాలి, లేదా ఎంజైము మీద మందును నేరుగా పరీక్షించాలి. ఈ రెండూ చేయగల పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు, పూర్తి మోతాదు వేసినా తగ్గని రోగుల నమూనాలను ఎంపిక చేసి పంపే ఏర్పాటు జిల్లాలో ఉండాలి. మందుల షాపుల రిజిస్టర్లలోని ఒసెల్టామివిర్ అమ్మకాల మొత్తాన్ని నెలకోసారి ఒక్క కాగితం మీదికి ఎక్కించినా, ఏ మండలంలో జ్వరం పెరుగుతోందో ఆసుపత్రి లెక్కలకంటే ముందే తెలుస్తుంది. ఇది తనిఖీ కోసం కాకుండా తెలుసుకోవడం కోసం అడుగుతున్నారన్న నమ్మకాన్ని దుకాణదారులకు కలిగించడం మీ బాధ్యత. లేకపోతే మళ్లీ రాత్రి రిజిస్టర్లే వస్తాయి.

చీటీ లేకుండా ఇవ్వకపోతే సీతారామపురం మండలంలోని ఒక ముసలాయనకు 48 గంటల్లో మందు ఎలా అందుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి నా దగ్గరున్న సమాధానం ఈ-సంజీవని అనే ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ. గ్రామంలోని హెల్త్ క్లినిక్ నుంచి ఫోనులో డాక్టరుకు చూపించి, చీటీ రాయించుకోవచ్చు. ఒసెల్టామివిర్ ఇప్పుడు షెడ్యూల్ ఎక్స్‌లో లేదు కాబట్టి అలా రాయడానికి అడ్డంకి లేదు. నెట్‌వర్క్ అందని రోజులుంటాయని నాకూ తెలుసు. అటువంటి రోజున మీ వివేకం మీద ఆధారపడక తప్పదు, అప్పుడైనా పూర్తి షీటు ఇచ్చి, రోజుకు రెండని చెప్పి, పేరు రాసుకుని, మర్నాడు చీటీ తెమ్మనండి.

అసలు చాలామందికి ఈ మందు అక్కర్లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఫ్లూ రోగులను వర్గాలుగా విడదీశాయి. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉన్న మొదటి వర్గంవారికి ఒసెల్టామివిర్ గానీ పరీక్ష గానీ అవసరం లేదు, ఇంట్లో ఉండి విశ్రాంతి తీసుకుంటే చాలు. ఎక్కువ జ్వరం, తీవ్రమైన గొంతునొప్పి ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లలు, 65 ఏళ్లు దాటినవారు, షుగరు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు రెండో వర్గం, వారికి మందు ఇవ్వాలి. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, గోళ్లు నీలంగా మారడం వంటివి ఉంటే మూడో వర్గం, వారు మీ కౌంటరు దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడకూడదు. నా భార్య ఆ ఆదివారం రెండో వర్గం మనిషి. ఆ అబ్బాయి "అమ్మకు షుగరుందా?" అని ఒక్క ప్రశ్న అడిగి, "అయితే ఇప్పుడే ఆసుపత్రికి తీసకపోండి సార్" అని ఉంటే, నేను కోప్పడి ఉండేవాణ్ణేమో, కానీ వెళ్లి ఉండేవాణ్ణి. మందుల షాపు మాటకు మన ఊళ్లలో అంత విలువ ఉంది.

అజిత్రోమైసిన్ గురించి ఎక్కువ రాయను. అది బాక్టీరియా మీద పనిచేసే మందు, ఫ్లూ వైరస్‌ను తాకదు. 2023 మార్చిలో దేశమంతా హెచ్3ఎన్2 జ్వరాలున్నప్పుడు భారతీయ వైద్య సంఘం ఈ సంగతే చెబుతూ, యాంటీబయాటిక్‌లు వాడవద్దని బహిరంగంగా కోరింది.

వేరే మందులున్నాయి కదా అనేవారికి ఒకే మాట. అమాంటాడిన్, రిమాంటాడిన్ అనే పాత ఫ్లూ మందులను చైనాలో, రష్యాలో చీటీ లేకుండా జలుబు మందుల్లో కలిపి అమ్మేవారు. 2005-06 నాటికి అమెరికాలో పరీక్షించిన హెచ్3ఎన్2 వైరస్‌లలో పదింట తొమ్మిదికి పైగా వాటిని తట్టుకున్నాయి, ఇక ఫ్లూకు వాటిని వాడవద్దని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2006 జనవరిలో ప్రకటించాయి. 2018లో వచ్చిన బాలోక్సావిర్‌కు కూడా, దానిమీద జరిగిన ప్రధాన పరీక్షలోనే, మందు తీసుకున్న రోగుల్లో దాదాపు పది శాతం మందిలో తట్టుకునే మార్పు కనిపించింది. 2024లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఎనిమిది కోళ్ల ఫారాల్లో పట్టుబడ్డ హెచ్5ఎన్1లో హెచ్275వై మార్పు ఉంది. కోళ్లకు ఎవరూ ఒసెల్టామివిర్ వేయనవసరం లేదు, ఆ మార్పు దానంతట అదే వచ్చి పాకగలదని నార్వే అనుభవం చెప్పనే చెప్పింది. 2025 మార్చిలో మన రాష్ట్రంలోనే, నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయింది. చాటగుట్ల మనకు ఎంత దూరమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఎక్కువవుతుంది, జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానల తరువాత ఇంకోసారి. ఈసారి జ్వరాల కాలం మొదలయ్యేలోగా మీ సంఘం సమావేశంలో ఈ లేఖను ఒకసారి చదివించమని కోరుతున్నాను. ఒసెల్టామివిర్ షీటులో పది క్యాప్సూళ్లుండడం యాదృచ్ఛికం కాదు, పెద్దవారికి రోజుకు రెండు చొప్పున ఐదు రోజుల మందు అది. ఆ షీటును కత్తెరకు దూరంగా ఉంచండి, చీటీ చూడండి, రిజిస్టరు రాయండి, చేర్చగలిగితే జ్వరం మొదలైన తేదీని పక్కన ఒక గడిలో వేయండి.

నేను ఇప్పటికీ అదే వీధిలో ఉంటున్నాను, ఆ షాపులోనే బీపీ మాత్రలు కొంటున్నాను. మళ్లీ ఎప్పుడైనా నేను చీటీ లేకుండా వచ్చి ఈ మందు అడిగితే, ఎంత గట్టిగా అడిగినా, నాకు కూడా ఇవ్వకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
కావలి.